మీ ప్రశ్నలు, మా జవాబులు: ఆరోనియన్ మీద ఆనంద్ ఆడిన మెరాన్ ఆట

ఈసారి శీర్షికను ఒకే ఆటకు కేటాయించాము. 2013 జనవరి 15న నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీ గ్రామంలో టాటా స్టీల్ పోటీ నాలుగో రౌండ్‌లో లెవోన్ ఆరోనియన్ తెల్లపావులతో, అప్పటి ప్రపంచ విజేత విశ్వనాథన్ ఆనంద్ నల్లపావులతో, మెరాన్ అనే ప్రారంభ పద్ధతిలో ఆడిన ఆట అది. ఇరవై మూడు ఎత్తుల్లోనే ముగిసింది. క్వీన్‌ను మంత్రి అని, రూక్‌ను ఏనుగు అని, బిషప్‌ను శకటు అని ఇక్కడ రాస్తున్నాము. బోర్డు ముందు పెట్టుకుని చదివేవారి కోసం మొత్తం ఎత్తులు ఇవి (గు అంటే గుర్రం, శ అంటే శకటు, ఏ అంటే ఏనుగు, మ అంటే మంత్రి, రా అంటే రాజు, పావు పేరు లేకపోతే బంటు; × అంటే కొట్టడం, + అంటే చెక్; డి4 లాంటివి గడుల పేర్లు, అక్షరం నిలువు గీతను, అంకె అడ్డు వరుసను చెబుతాయి; బ్రాకెట్లోని అక్షరం ఆ పావు ఏ నిలువు గీత నుంచి కదిలిందో చెబుతుంది):

1. డి4 డి5 2. సి4 సి6 3. గు-ఎఫ్3 గు-ఎఫ్6 4. గు-సి3 ఇ6 5. ఇ3 గు(బి)-డి7 6. శ-డి3 డి×సి4 7. శ×సి4 బి5 8. శ-డి3 శ-డి6 9. క్యాస్లింగ్, క్యాస్లింగ్ 10. మ-సి2 శ-బి7 11. ఎ3 ఏ-సి8 12. గు-జి5 సి5 13. గు×హెచ్7 గు-జి4 14. ఎఫ్4 సి×డి4 15. ఇ×డి4 శ-సి5 16. శ-ఇ2 గు(డి)-ఇ5 17. శ×జి4 శ×డి4+ 18. రా-హెచ్1 గు×జి4 19. గు×ఎఫ్8 ఎఫ్5 20. గు-జి6 మ-ఎఫ్6 21. హెచ్3 మ×జి6 22. మ-ఇ2 మ-హెచ్5 23. మ-డి3 శ-ఇ3. తెల్లపావులు ఓటమి ఒప్పుకున్నాయి.

ప్రశ్న: మా అబ్బాయి జిల్లా స్థాయి పోటీలకు వెళ్తున్నాడు. వాళ్ల కోచ్ గారు ఈ ఆటను బోర్డు మీద ఆడించి చూపించారట. పదమూడో ఎత్తులో తెల్లగుర్రం హెచ్7 బంటును కొడితే ఆనంద్ ఆ గుర్రాన్ని ఎందుకు వదిలేశాడని వాడు అడుగుతున్నాడు. ఆ తర్వాత కూడా ఒకదాని వెనుక ఒకటి పావులు ఎర పెట్టినట్టే కనిపిస్తోంది. కొంచెం వివరంగా చెప్పగలరా?
(ఒక తండ్రి, గుంటూరు)

జవాబు: మీ అబ్బాయి సరైన చోటే ఆగాడు. హెచ్7లో ఉన్న తెల్లగుర్రానికి డి3 శకటు, దాని వెనుక సి2 మంత్రి ఒకే ఏటవాలు గీత మీద కాపలాగా ఉన్నాయి కాబట్టి రాజుతో దాన్ని కొట్టే వీలు లేదు. ఎఫ్6 గుర్రంతో కొట్టవచ్చు. కానీ అప్పుడు శకటు హెచ్7లోకి చెక్‌తో వచ్చి, నల్లరాజును మూలకు నెట్టి, తీరిగ్గా వెనక్కి వెళ్లిపోతుంది. నల్లపావులకు ఒక బంటు నష్టం, రాజు ముందు గోడకు కంత, బదులుగా ఏమీ దక్కదు. ఆనంద్ లెక్క వేరు. తెల్లగుర్రం హెచ్7 దాకా వెళ్లడంతో ఎఫ్3 గడి ఖాళీ అయింది, తెల్లరాజు దగ్గర కాపలా తగ్గింది. అందుకే ఆయన తన గుర్రాన్ని జి4కు దూకించి, డి6 శకటుతో కలిపి హెచ్2 మీద గురిపెట్టాడు. ఆరోనియన్ ఎఫ్4 బంటును తోసి ఆ దారి మూశాడు. మూసిన బంటే తర్వాత అతని రాజు చుట్టూ ఉన్న నల్లగడులను బలహీనపరిచింది.

పదిహేనో ఎత్తులో నల్లశకటు సి5కు వచ్చింది. డి4 బంటు దాన్ని కొట్టవచ్చు. కొడితే నల్లగుర్రం డి7 నుంచి సి5లోకి వచ్చి ఆ బంటును తినేస్తుంది, డి గీత తెరుచుకుంటుంది, డి3లో ఉన్న శకటు మీద గుర్రమూ మంత్రీ కలిసి పడతాయి, డి4 గడి నుంచి మంత్రి చెక్ ఇచ్చే అవకాశం పొంచి ఉంటుంది. ఇదంతా చూసి ఆరోనియన్ శకటును ఇ2కు వెనక్కి జరిపి జి4 గుర్రాన్ని బెదిరించాడు. అప్పుడు వచ్చింది పదహారో ఎత్తు, రెండో గుర్రం ఇ5కు. నా దృష్టిలో ఈ ఆట మొత్తానికి గుండెకాయ ఇదే.

ఇక్కడ బోర్డును ఆపి మీ అబ్బాయిని లెక్కపెట్టమనండి. సి5 శకటు మీద డి4 బంటు ఉంది. ఇ5 గుర్రం మీద ఎఫ్4 బంటు ఉంది. జి4 గుర్రం మీద ఇ2 శకటు ఉంది. ఎఫ్8 ఏనుగు మీద హెచ్7 గుర్రం ఉంది. నాలుగు నల్లపావులు ఒకేసారి దెబ్బకు అందుతున్నాయి, ఎత్తు తెల్లపావులది, అయినా చిక్కుల్లో పడింది తెల్లపావులే. ఇ5 గుర్రాన్ని డి4 బంటు కూడా కొట్టగలదని పిల్లలు అనుకుంటారు, కానీ ఆ బంటు అటు కదిలితే సి5 శకటుకు జి1లోని రాజు సూటిగా దొరుకుతాడు కాబట్టి అది నియమ విరుద్ధమైన ఎత్తు అవుతుంది. మరి ఎఫ్4 బంటుతో కొడితే? మంత్రి డి4ను కొట్టి చెక్ ఇస్తుంది, రాజు హెచ్1 మూలకు వెళ్తాడు, మంత్రి ఏకంగా జి1లోకి దూకి మళ్లీ చెక్ ఇస్తుంది. సి5 శకటు కాపలా ఉన్నందువల్ల రాజు ఆ మంత్రిని కొట్టలేడు, ఏనుగే కొట్టాలి. కొట్టిన ఏనుగు జి1లో రాజుకు అడ్డంగా కూర్చుంటుంది, జి4 గుర్రం ఎఫ్2కు వస్తుంది, ఆటకట్టు. చుట్టూ సొంత పావులే ఉండి రాజుకు ఊపిరాడని ఈ రకం ఆటకట్టును పిల్లలకు విడిగా బొమ్మ గీసి నేర్పుతారు. అగ్రశ్రేణి ఆటలో అది బోర్డు మీదికి రాకుండా, వస్తుందన్న భయంగా మాత్రమే పనిచేసింది.

అందుకే ఆరోనియన్ జి4 గుర్రాన్ని శకటుతో కొట్టాడు. నల్లశకటు డి4ను కొట్టి చెక్ ఇచ్చింది, ఇ5 గుర్రం జి4లోకి వచ్చి లెక్క సరిచేసింది, తెల్లగుర్రం ఎఫ్8 ఏనుగును తిన్నది. ఆశపోతు ఆటగాడైతే రాజుతో ఆ గుర్రాన్ని వెంటనే కొట్టేస్తాడు. ఆనంద్ ముందు ఎఫ్5 బంటును తోశాడు. ఆ ఒక్క బంటుతో సి2 నుంచి హెచ్7కు వెళ్లే తెల్లమంత్రి దారి మూసుకుపోయింది, తన మంత్రి హెచ్4కు వెళ్తుందన్న బెదిరింపూ నిలిచింది. హెచ్4ను కాయడానికి తెల్లగుర్రం జి6కు రాక తప్పలేదు, అక్కడ మంత్రికి ఆహారమైపోయింది. 21వ ఎత్తులో హెచ్3 బంటు జి4 గుర్రాన్ని బెదిరిస్తే ఆనంద్ దాన్ని కదపకుండా జి6 గుర్రాన్ని కొట్టాడు. ఆ తర్వాత హెచ్ బంటు జి4ను కొడితే హెచ్ గీత తెరుచుకుని, మంత్రి హెచ్6కు రాగానే ఆటకట్టు. డి4 శకటు జి1ను కాస్తోంది, అడ్డం రావడానికి తెల్లపావు ఒక్కటీ అందుబాటులో లేదు.

ప్రశ్న: చివరి స్థితిలో పావులు లెక్కపెట్టి చూశాను. తెల్లపావుల దగ్గర రెండు ఏనుగులు, శకటు, గుర్రం ఉన్నాయి. నల్లపావుల దగ్గర ఒకే ఏనుగు, రెండు శకట్లు, గుర్రం. ఇద్దరికీ మంత్రులు ఉన్నాయి, బంట్లు ఐదేసి. అంటే తెల్లపావులదే పైచేయి కదా, ఓటమి ఎందుకు ఒప్పుకున్నట్టు?
(ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం)

జవాబు: మీ లెక్క సరైనదే, పావుల విలువ కూడితే తెల్లపావులే కాస్త ముందున్నాయి. కానీ బి7 శకటు గురి ఇప్పుడు సి6, డి5, ఇ4, ఎఫ్3 గడుల మీదుగా నేరుగా జి2 బంటుకూ దాని వెనుక హెచ్1లో ఉన్న రాజుకూ చేరుతోంది. ఆ బంటు కదలలేదు కనుక హెచ్3ను అది కాస్తున్నట్టు కనిపించినా నిజంగా కాయడం లేదు. హెచ్3ను కాపాడుతున్నది డి3లోని మంత్రి ఒక్కటే, మూడో వరుస పొడవునా. ఆనంద్ తన శకటును ఇ3లో దించి ఆ వరుసకు అడ్డుకట్ట వేశాడు. ఇప్పుడు నల్లమంత్రి హెచ్3ను కొడితే ఆటకట్టే.

తెల్లశకటుతో ఇ3ను కొడితే మంత్రి హెచ్3లో చెక్ ఇస్తుంది, రాజు జి1కు జరిగితే జి2లో ఆటకట్టు. తెల్లమంత్రితో కొడితే నల్లగుర్రం ఆ మంత్రిని కొడుతుంది. తిరిగి శకటుతో ఆ గుర్రాన్ని కొట్టవచ్చు కదా అంటే, అప్పుడూ హెచ్3కు కాపలా ఉండదు, మళ్లీ అదే ఆటకట్టు. జి4లోని గుర్రాన్ని హెచ్3 బంటుతో కొట్టడానికీ లేదు, ఎందుకంటే హెచ్5 మంత్రి ఆ బంటును రాజు ముందు కట్టిపడేసింది. పావుల విలువ ఎక్కువ ఉండి కూడా ఏ పావూ ఆదుకోలేని స్థితి అది. ఆరోనియన్ స్థాయి ఆటగాడు మిగతాది ఆడి చూపించమని ఎదుటివాణ్ణి అడగడు.

ప్రశ్న: ఈ ఎత్తులన్నీ ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని సిద్ధం చేసుకున్నవేనని విన్నాను. అదే నిజమైతే ఇందులో ఆటగాడి ప్రతిభ ఎక్కడుంది? వల్లెవేసిన పద్యం అప్పజెప్పినట్టే కదా?
(ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్)

జవాబు: ఆ ఆలోచన ముందే సిద్ధం చేసుకున్నదన్న మాట నిజం. 2012 మే నెలలో మాస్కోలో బోరిస్ గెల్ఫాండ్‌తో ప్రపంచ విజేత పోరు కోసం ఆనంద్ బృందం చేసిన కసరత్తులో ఇది భాగం. ఆ పోరు 6–6తో సమమై, తక్కువ సమయంలో ముగిసే రాపిడ్ ఆటల్లో 2.5–1.5తో ఆనంద్ గెలిచాడు గాని, ఈ స్థితి మాత్రం అక్కడ రాలేదు. నెలల తర్వాత ఇంకొకరి మీద, ఇంకొక ఊళ్లో వచ్చింది. తయారీ ఉన్నంత మాత్రాన ఆటను చిన్నబుచ్చడం నాకు సమ్మతం కాదు. కంప్యూటర్ వందల దారులు చూపిస్తుంది. వాటిలో ఏది దాచుకోవలసినదో, అందులోని ఎత్తుల వెనుక ఉద్దేశమేమిటో పట్టుకున్నవాడికే అది అవసరమైన రోజున గుర్తుకొస్తుంది.

మీ అనుమానానికి అసలు జవాబు కంప్యూటర్ అన్న మాటే లేని కాలంలో ఉంది. 1907లో, అప్పట్లో రష్యా సామ్రాజ్యంలో ఉన్న లోడ్జ్ నగరంలో, పోలండ్ ఆటగాడు ఆకిబా రూబిన్‌స్టీన్ నల్లపావులతో రోట్లెవి మీద ఆడిన ఆటను ఆనంద్ ఆట పక్కన పెట్టి చూడండి. ఆనంద్ గెలిచిన రోజునే చాలామంది వ్యాఖ్యాతలు ఆ పాత ఆటను తలుచుకున్నారు. అక్కడా నల్లశకట్లు రెండూ పక్కపక్క ఏటవాలు గీతల మీద నుంచి తెల్లరాజు మీదికే గురిపెట్టాయి. ఒకటి బి7లో ఉంది, ఇంకొకటి బి6లో. అక్కడా ఒక గుర్రం జి4లో నిలబడింది, తెల్లరాజు హెచ్1 మూలకు చేరాడు, ఎఫ్4 బంటు ముందుకు వెళ్లి ఇంటి తలుపు తెరిచిపెట్టింది. రూబిన్‌స్టీన్ 22వ ఎత్తులో హెచ్4లో ఉన్న తన మంత్రి బంటు దెబ్బకు పోతున్నా పట్టించుకోకుండా ఏనుగుతో సి3లోని గుర్రాన్ని కొట్టాడు. తెల్లబంటు మంత్రిని కొట్టింది. రెండో ఏనుగును డి2లో తెల్లమంత్రి నోటికి అందించాడు. మంత్రి దాన్ని కొట్టగానే శకటు ఇ4లో చెక్ ఇచ్చింది, మంత్రి జి2లో అడ్డుపడింది, సి3 ఏనుగు హెచ్3కు వచ్చింది. హెచ్2లో ఆటకట్టు తప్పదని చూసి రోట్లెవి అక్కడితో ఆపేశాడు.

రెండు ఆటలకూ ఇంకా లోతైన పోలిక మొదటి పది పదిహేను ఎత్తుల్లోనే ఉంది. రోట్లెవి తన శకటును డి3కు తెచ్చాక రూబిన్‌స్టీన్ సి4ను కొట్టాడు, శకటు మళ్లీ కదిలి సి4ను కొట్టవలసి వచ్చింది, బి5 బంటు దాన్ని తరిమింది, శకటు తిరిగి డి3కే చేరింది. తెల్లమంత్రి కూడా ముందు డి2కు, తర్వాత ఇ2కు అని రెండు విడతల్లో నడిచింది. ఇద్దరూ ఒకే రకమైన పావుల అమరికతో మొదలుపెట్టినా నల్లపావులు ఒక అడుగు ముందున్నది అందుకే. ఇప్పుడు ఆనంద్ ఆటలో ఆరు నుంచి ఎనిమిది వరకు ఎత్తులు చూడండి: శకటు డి3కు, నల్లబంటు సి4ను కొట్టడం, శకటు సి4కు, బి5, శకటు డి3కు. ఎదుటివాడి శకటు కదిలేదాకా ఆగి, అప్పుడు కొట్టి, దాన్ని తరుముతూ మన బంట్లను ముందుకు జరుపుకోవడమే మెరాన్ పద్ధతి సారం. దానికి ఆ పేరు ఇటలీలోని మెరానో పట్టణంలో 1924లో జరిగిన పోటీ వల్ల వచ్చింది. అక్కడ గ్రూన్‌ఫెల్డ్ మీద ఈ పద్ధతిని నల్లపావులతో ఆడి గెలిచినవాడు కూడా రూబిన్‌స్టీనే. తన మీద పరోక్షంగా ఇన్ని ఆటలు నిలబడతాయని పాపం ఆయన ఊహించి ఉండడు.

ఆనంద్‌కు కూడా ఇది కొత్త నేల కాదు. 2008లో జర్మనీలోని బాన్‌లో వ్లాదిమిర్ క్రామ్నిక్‌తో జరిగిన ప్రపంచ పోరులో మూడు, ఐదు ఆటలను నల్లపావులతో, మెరాన్‌లోనే, పద్నాలుగో ఎత్తులో బి7కు శకటును తెచ్చే ఒకే దారిలో గెలిచాడు. చివరికి 6.5–4.5తో కిరీటం నిలుపుకున్నాడు. అంతటి క్రామ్నిక్ రెండుసార్లు అదే గోతిలో పడ్డాడంటే ఆ తయారీని బట్టీ అనడానికి నాకు నోరు రాదు.

ప్రశ్న: మా అమ్మాయికి పదకొండేళ్లు. ఆడుతున్నది రెండేళ్లుగా. ఈ ఆట చూశాక మెరాన్ నేర్చుకుంటానని పట్టుబడుతోంది. నేర్పించవచ్చా, లేక తొందరపాటు అవుతుందా?
(ఒక తల్లి, ఖమ్మం)

జవాబు: ఇప్పుడే వద్దనే నా సలహా, కానీ ఆమె ఉత్సాహాన్ని చల్లార్చకుండా చెప్పవలసిన కారణం ఉంది. మెరాన్ అనేది సెమీ స్లావ్ అనే పెద్ద ప్రారంభంలో ఒక శాఖ మాత్రమే. సి6, డి5, ఇ6 బంట్లతో నల్లపావులు ఒక త్రికోణం కడతాయి. కోట గట్టిదే, కానీ సి8 శకటు ఆ గోడ వెనుకే ఇరుక్కుపోతుంది. దాన్ని బయటకు తెచ్చే మార్గమే సి4ను కొట్టి, బి5 తోసి, శకటును బి7కు చేర్చి, చివరకు సి5 తోయడం. ఈ సి5 పడకపోతే బి7 శకటుకు సొంత సి6 బంటే ఎదురుగోడగా మిగులుతుంది. ఆనంద్ పన్నెండో ఎత్తులో హెచ్7 బంటు పోతుందని తెలిసీ సి5 తోశాడంటే, ఆ గోడ కూల్చడానికి ఆయన ఇచ్చిన విలువ అంత. సి8లో నిలిపిన ఏనుగు అప్పటికే సి2లోని తెల్లమంత్రికి ఎదురుగా ఉంది, గీత తెరుచుకుంటే దానికీ పని దొరుకుతుంది.

ఇబ్బంది ఏమిటంటే, మెరాన్ నేర్చుకున్న పాపకు ఎదుటివారు మెరాన్ ఆడే అవకాశం ఇవ్వకపోవచ్చు. ఆరో ఎత్తులో శకటు బదులు మంత్రిని సి2కు తెస్తే కథ వేరు. ఐదో ఎత్తులోనే శకటును జి5కు తెస్తే బోట్విన్నిక్, మాస్కో అనే దారులు తెరుచుకుంటాయి, అవి ఎత్తు తప్పితే పది ఎత్తుల్లో ఆట పోయే రకం. పిల్లలు అన్నిటినీ బట్టీ పట్టి, పోటీలో పన్నెండో ఎత్తు దగ్గర మరిచిపోయి, కళ్లనీళ్లు పెట్టుకుని లేవడం చూస్తూనే ఉంటాము.

కాబట్టి ఒక ఏడాదిపాటు డి4కు జవాబుగా డి5, ఇ6 పెట్టి మామూలుగా పావులు బయటకు తీసే క్వీన్స్ గ్యాంబిట్ డిక్లైన్డ్ ఆడనివ్వండి. సి5 ఎప్పుడు తోయాలి, సి4ను ఎప్పుడు కొట్టాలి అనే రెండు ప్రశ్నలూ అక్కడే వస్తాయి. ఈలోపు రూబిన్‌స్టీన్ 1907 ఆటను, ఆనంద్ 2013 ఆటను రెండు బోర్డుల మీద పక్కపక్కన పెట్టి, ఆమె చేతనే ప్రతి నల్ల ఎత్తుకూ ముందు “ఇది ఎందుకు” అని చెప్పించండి. వేగంగా ఎత్తులు దాటించే వీడియోల కంటే ఇది నెమ్మది పని, కానీ నిలిచే పని. పాప అన్ని ఎత్తులకూ కారణం చెప్పగలిగిన రోజున మెరాన్ మొదలుపెట్టండి. కోచ్ గారు వేరే మాట అంటే ఆయన మాటే వినండి, పిల్ల ఆటను ఎదురుగా చూస్తున్నది ఆయన.

ప్రశ్న: ఈ పోటీలో మన తెలుగువాళ్లు ఎవరైనా ఆడారా?
(ఒక డిగ్రీ విద్యార్థి, వరంగల్)

జవాబు: ఆడారు. ఆ ఏడాది అదే ప్రధాన విభాగంలో గుంటూరుకు చెందిన పెంటేల హరికృష్ణ కూడా ఉన్నాడు. 2012లో ఇదే చోట రెండో శ్రేణి అయిన బి విభాగం గెలిచి పై విభాగానికి అర్హత సంపాదించాడు. 2013 ప్రధాన విభాగాన్ని పదమూడు ఆటల్లో 10 పాయింట్లతో మాగ్నస్ కార్ల్‌సన్ గెలిచాడు. అదే నవంబరులో చెన్నైలో ఆనంద్ నుంచి ప్రపంచ కిరీటాన్ని తీసుకున్నదీ అతనే. 1938లో బెవర్వైక్‌లో మొదలై 1968లో వైక్ ఆన్ జీకి మారిన ఈ పోటీని మొదటి నుంచీ అక్కడి ఉక్కు కర్మాగారమే పోషిస్తూ వచ్చింది. ఆ కర్మాగారం టాటాల చేతికి వచ్చాక పోటీ పేరు కూడా మారింది. ఇక మీ ఊరి విషయానికొస్తే, అక్కడి చాలెంజర్స్ అనే రెండో శ్రేణి విభాగాన్ని 2022లో గెలిచింది వరంగల్‌కు చెందిన ఎరిగైసి అర్జున్.